అంచులో దాగిన నిప్పు

మావయ్య బీరువా అడుగు అరలోంచి ఒక తోలు ఒర తీసి బల్ల మీద పెట్టారు. పక్కనే రంగుల కరపత్రం ఒకటి పరిచారు. ఒరలో ఉన్నది ఆయన మావగారి కాలం నాటి చిన్న రివాల్వర్. ఏడు తూటాలు పడతాయి. నల్లపూత సగం పోయింది, తయారుచేసినవాళ్ల పేరు కూడా చెరిగిపోయింది. కరపత్రంలో ఉన్నది పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ వాళ్ల ‘నిడర్’. రెండూ పాయింట్ టూ టూ రకమే, అంటే గొట్టం వెడల్పు సుమారు 0.22 అంగుళం.

“ఒరేయ్ అబ్బాయ్, ఇన్నేళ్లు పిల్లలకి ఫిజిక్స్ చెప్పావు కదా. ఈ రెంటిలో ఏది ఉంచుకోమంటావో చెప్పు,” అన్నారు.

ఆయనకు రొయ్యల చెరువులున్నాయి. రాత్రి కాపలాకు పన్నెండు బోరు తుపాకీ ఒకటి ఎప్పటినుంచో ఉంది. ఇదివరకు ఒక్కో మనిషి మూడు తుపాకుల దాకా ఉంచుకోవచ్చు. 2019 చివర్లో ఆయుధాల చట్టాన్ని సవరించి ఆ సంఖ్యను రెండుకు తగ్గించారు. అందుకే ఈ పంచాయితీ. లేకపోతే పాతదాన్ని బీరువాలోనే ఉంచి కొత్తది కూడా తెచ్చుకునేవారు, నన్ను అడిగేవారు కాదు.

“ముందు ఆ పాడు వస్తువు బల్ల మీంచి తియ్యండి, కాఫీ పెట్టుకోవాలి,” అంది అత్తయ్య. ఆ సాయంత్రం దాని గురించి విన్న మాటల్లో అన్నిటికన్నా తెలివైనది అదే. నేను రివాల్వర్ తీసుకుని, గొట్టం గోడవైపు తిప్పి, సిలిండర్ తెరిచి ఏడు గదులూ ఖాళీయేనా అని చూశాను. మళ్లీ ఒకసారి చూశాను. ఖాళీ అని ఇంట్లోవాళ్లందరూ ఒట్టేసి చెప్పిన తుపాకీని కూడా రెండుసార్లు చూడాలి.

మా మావయ్య ఇల్లు యానాంలోని దరియాలతిప్పలో ఉంది. దరియా అంటే ఫారసీలో సముద్రం, తిప్ప మన మాటే. ఆ ఊరి పేరు పలికితేనే నీళ్లూ ఇసకా గుర్తొస్తాయి. పాలన పుదుచ్చేరిది, మాట గోదావరిది. 1954 దాకా యానాం ఫ్రెంచివాళ్ల చేతిలో ఉండేది కాబట్టి, ఈ తూటా కథను ఒక ఫ్రెంచివాడి దగ్గర మొదలుపెట్టడం బాగానే ఉంటుంది.

చిన్నప్పుడు దీపావళికి రీలు తుపాకీ కాల్చనివాళ్లు మనలో తక్కువ. కాగితం మీద చిన్న మందు బొట్టు ఉంటుంది, దానిమీద ఇనప ముక్క పడితే ఠప్‌మంటుంది. పందొమ్మిదో శతాబ్దం మొదటి సగంలో తుపాకులన్నీ కాస్త అటూ ఇటూగా ఆ పద్ధతిలోకే వచ్చాయి. ఒక చిన్న రాగి టోపీలో దెబ్బకు పేలే మందు ఉండేది, సుత్తి దాన్ని కొడితే ఆ నిప్పు లోపలి మందుకు అంటుకునేది. పారిస్‌లో లూయీ నికొలా ఫ్లోబేర్ అనే ఆయన 1845 ప్రాంతంలో ఒక కొంటె ఆలోచన చేశాడు. ఆ టోపీ మూతిలోనే సన్నని సీసపు గుండు పెట్టేస్తే? వేరే మందు ఎందుకు? టోపీ పేలితే వచ్చే బలమే గుండును నెడుతుంది కదా! అలా పుట్టిన తూటాలతో పెద్దింటివాళ్లు హాల్లోనే గోడకు గురిపెట్టి ఆడుకునేవారు. తుపాకీ బరువెక్కువ, దెబ్బ తక్కువ.

టోపీ వెనక్కి జారకుండా, గదిలో ఒకచోట ఆగేలా ఫ్లోబేర్ తూటాల అడుగున కాస్త వెడల్పాటి అంచు ఉండేది. అమెరికాలో స్మిత్, వెస్సన్ అనే ఇద్దరు ఆ అంచులోనే ఇంకో ఉపయోగం చూశారు. పేలే మందును ఆ అంచు మడతలోకే పంపి, మిగతా గొట్టంలో నల్లమందు నింపారు. వాళ్ల మొదటి రివాల్వర్ 1857లో వచ్చింది. ఇలాంటి తూటాను ఇంగ్లీషులో రిమ్‌ఫైర్ అంటారు. మనం అంచు తూటా అనుకుందాం. ఆ రివాల్వర్ సిలిండర్‌కు ఈ చివరినుంచి ఆ చివరిదాకా రంధ్రాలుంటాయి. ఆ పేటెంటు రోలిన్ వైట్ అనే ఆయనది. అమ్మిన ప్రతి రివాల్వర్ మీదా ఆయనకు పావు డాలరు ముట్టేది. 1869లో పేటెంటు గడువు తీరగానే చిన్న రివాల్వర్లు చేసే దుకాణాలు పుట్టగొడుగుల్లా లేచాయి. మావయ్య బల్ల మీదున్నది ఆ సంతతికి చెందిన మనవడో మునిమనవడో అయి ఉంటుంది. ఈనాడు అందరూ వాడే పొడుగు తూటా, అంటే పాయింట్ టూ టూ లాంగ్ రైఫిల్, 1887లో వచ్చింది. హాంగ్‌చౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 25 మీటర్ల పిస్టల్‌లో రజతం గెలిచింది కూడా ఆ తూటాతోనే. ఆమెది రివాల్వర్ కాదనుకోండి, పోటీ పిస్టల్.

తూటా తయారీ చూస్తే ముచ్చటేస్తుంది. పల్చటి ఇత్తడి రేకును గిన్నెలా లాగి, అడుగున అంచు మడత తీస్తారు. తడి మందు ఒక బొట్టు వేసి గిన్నెను గిర్రున తిప్పితే అది అంచు మడతలోకి చేరుకుంటుంది. కవ్వం తిప్పినప్పుడు మజ్జిగ కుండ అంచులకు ఎగబాకినట్టే. తర్వాత ఆరబెట్టి, మందు పోసి, సీసపు గుండు బిగిస్తారు. సుత్తి మొన వచ్చి అంచును నలిపితే మడతలో ఉన్న మందు పేలుతుంది.

ఈ పద్ధతిలో పెద్ద మెలిక ఒకటుంది. సుత్తి దెబ్బకు నలగాలంటే అంచు పల్చగా ఉండాలి. పల్చగా ఉంటే ఎక్కువ ఒత్తిడి తట్టుకోలేదు. అందుకే అంచు తూటాలు చిన్నవిగానే ఉండిపోయాయి. పాయింట్ టూ టూ లోపల ఒత్తిడికి పెట్టిన హద్దు చదరపు అంగుళానికి సుమారు 24,000 పౌండ్లు. ఆటో టైరులో ముప్పై దాకా కొట్టిస్తాం. దానికి ఎనిమిది వందల రెట్లు. చిన్నది అన్న మాట తుపాకుల లోకంలోదే, మన ఇంట్లోది కాదు.

దీని బలం ఎంత? గుండు బరువు 2.6 గ్రాములు. రెండు మూడు అంగుళాల గొట్టంలోంచి సెకనుకు సుమారు 250 మీటర్ల వేగంతో వస్తుందనుకుందాం. బరువును కిలోల్లో రాసి, అందులో సగాన్ని వేగం వర్గంతో హెచ్చవేస్తే దాదాపు 80 జౌళ్లు వస్తాయి. మనవైపు దీన్ని కొబ్బరికాయలతో కొలవాలి. కిలోన్నర కాయ ఐదున్నర మీటర్ల ఎత్తునుంచి పడితే దానికీ అంతే శక్తి. కోనసీమలో చెట్లు అంతకంటే ఎత్తే, మనుషులు వాటికిందే మంచాలు వేసుకుంటారు. మరి తేడా ఎక్కడ? కాయ దెబ్బ అరచేయంత మేర మీద పరుచుకుంటుంది. గుండు దెబ్బ అయిదున్నర మిల్లీమీటర్ల చుక్క మీద పడుతుంది. పైగా కాయ కింద పడి ఆగుతుంది. గొట్టం పైకి లేపి కాలిస్తే ఈ గుండు కిలోమీటరు దాటి కూడా పోగలదు. యానాం మొత్తం వైశాల్యమే 30 చదరపు కిలోమీటర్లు. పండక్కి గాల్లోకి కాల్చేవాళ్ల గుండు ఎవరి ఊళ్లో, ఎవరి పెరట్లో పడుతుందో ఊహించుకోండి.

సరే, అసలు ప్రశ్న. పాతదా, కొత్తదా?

ముందుగా సుత్తి ఎక్కడ ఆగిందో చూశాను. పాత రివాల్వర్‌లో ట్రిగ్గర్ వదిలేశాక సుత్తి మొన నేరుగా సిలిండర్ వెనక, అంచు ఉండాల్సిన చోటే ఆనుకుని ఉంది. అంటే ఏడు తూటాలూ నింపి నడుముకు పెట్టుకుంటే, ఒక తూటా అంచు మీద సుత్తి ఎప్పుడూ కూర్చునే ఉంటుంది. చెరువు గట్టు మీద కాలు జారి రివాల్వర్ రాయి మీద పడిందా, రీలు తుపాకీ కథే. అందుకే పాతకాలపు వాళ్లు సుత్తి కింద గదిని ఖాళీగా వదిలేవారు. ఏడుకు ఆరే.

దీనికి విరుగుడు కూడా పాతదే. మేకుకూ సుత్తికీ మధ్య కాస్త దూరం ఉందనుకోండి, సుత్తి ఎంత కొట్టినా మేకును అందుకోలేదు. మధ్యలో ఒక చెక్కముక్క నిలబెడితేనే దెబ్బ మేకుకు చేరుతుంది. ఆ చెక్కముక్కను ట్రిగ్గర్‌కు కట్టేస్తే, ట్రిగ్గర్ పూర్తిగా లాగినప్పుడే అది పైకి లేస్తుంది, తక్కిన సమయంలో కిందే ఉంటుంది. దాన్ని ట్రాన్స్‌ఫర్ బార్ అంటారు. అమెరికాలో ఐవర్ జాన్సన్ కంపెనీ పందొమ్మిదో శతాబ్దం ముగిసేలోపే ఇలాంటిది పెట్టి, తర్వాత సుత్తిని సుత్తితో కొట్టినా పేలదని ప్రకటనలు వేసుకుంది. కాబట్టి పాతదంటే ఈ ఏర్పాటు ఉండదనీ, కొత్తదంటే ఉంటుందనీ కళ్లు మూసుకుని చెప్పడానికి లేదు. తెరిచి చూడాల్సిందే.

రూగర్ కంపెనీ కథ వింటే సంగతి బాగా అర్థమవుతుంది. వాళ్లు 1953లో ‘సింగిల్ సిక్స్’ అనే అంచు తూటాల రివాల్వర్ తెచ్చారు, 1958లో దానికన్నా చిన్నదైన ‘బేర్‌క్యాట్’ తెచ్చారు. రెండిటికీ పాత తరహా సుత్తే. 1973లో సింగిల్ సిక్స్‌కు ట్రాన్స్‌ఫర్ బార్ పెట్టారు. బేర్‌క్యాట్‌ను కొన్నేళ్లు ఆపేసి, 1993లో కొత్త లోపలి భాగాలతో మళ్లీ తెచ్చారు. అంతకు ముందు అమ్మిన పాతవాటిని ఎవరు పంపినా సొంత ఖర్చుతో మార్చి ఇస్తామన్నారు. తీసేసిన పాత ముక్కల్ని కూడా సంచిలో వేసి తిరిగి పంపుతారు. ఎందుకంటే సేకరించేవాళ్లకు పాత ముక్కలు లేని పాత రివాల్వర్‌కు విలువ తగ్గుతుంది. వస్తువు ఒకటే, దానికి ఇద్దరు గిరాకీదారులు. ఒకడికి పేలకుండా ఉండటం ముఖ్యం, ఇంకొకడికి మారకుండా ఉండటం ముఖ్యం. అక్కడి వాదమంతా ఈ ఇద్దరి మధ్యే.

మనకు ఆ వాదం వర్తించదు. 1980ల మధ్య నుంచి మామూలు మనుషులు విదేశీ తుపాకులు దిగుమతి చేసుకోవడానికి వీల్లేదు, పోటీల్లో కాల్చేవాళ్లకు తప్ప. అంతకు ముందు వచ్చినవే చేతులు మారుతుంటాయి. అందుకే మన దేశంలో పాత విదేశీ రివాల్వర్‌కు ధర వయసుతో పాటు పెరుగుతూ పోతుంది, పనితనంతో సంబంధం లేకుండా. పుస్తెలమ్మైనా పులస తినమన్నారు గానీ, పుస్తెలమ్మి తుప్పు కొనమని మన పెద్దలెవరూ చెప్పలేదు.

తుప్పు మాట వచ్చింది కాబట్టి కాసేపు ఇక్కడే ఆగాలి. దరియాలతిప్పలో ఏ ఇంట్లోనైనా ఫ్యాను రెక్కలు చూడండి, బీరువా తాళం చూడండి, పిల్లల సైకిలు చైను చూడండి. కొన్న మొదటి వానాకాలానికే ఎర్రబడతాయి. గౌతమి గోదావరి మీదుగా, మడ అడవుల మీదుగా వచ్చే గాలిలో కంటికి కనిపించని ఉప్పు తుంపర ఉంటుంది. అది ఇనుము మీద వాలి కూర్చుంటుంది. పొడిగా ఉన్నంతసేపు ఉప్పు ఏమీ చెయ్యదు. గాలిలో తేమ 75 శాతం దాటగానే మనం కూరలో వేసే ఉప్పు గాలిలోని నీటిని పీల్చుకుని తానే కరిగిపోతుంది. ఉప్పు డబ్బాలో బియ్యపు గింజలు వేసే ఇల్లాళ్లందరికీ ఇది తెలుసు. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది. దానికి 33 శాతం తేమ చాలు. మన తీరంలో తేమ అంతకు దిగే రోజులు అరుదు. అంటే ఇక్కడ ఇనుము మీద వాలిన ఉప్పు దాదాపు ఎప్పుడూ చెమ్మగానే ఉంటుందన్నమాట. ఉప్పునీటి పల్చటి పొర, గాలిలోని ఆక్సిజన్, ఇనుము. ఈ మూడూ కలిస్తే ఒక చిన్న బ్యాటరీ తయారవుతుంది. అది కరిగించేది ఇనుమునే. క్లోరైడ్ ఇంకో పాడుపని చేస్తుంది. లోహం మీద ఉండే కాపుదల పొరకు ఎక్కడ చిల్లు దొరికితే అక్కడే కూర్చుని లోతుగా తొలుస్తుంది. పైపైన ఎర్రగా పరుచుకున్న తుప్పును గీకేయొచ్చు. గుంటలు పడితే మాత్రం గీకడానికి ఏమీ మిగలదు.

ఇక్కడే నాకు ఆశ్చర్యం వేసింది. పాత రివాల్వర్ గొట్టంలోకి వెలుగు పెట్టి చూస్తే, బయట లేనంత గుంటలు లోపల ఉన్నాయి. ఉప్పుగాలి లోపలికే ఎందుకు ఎక్కువ వెళ్లింది? అది గాలి తెచ్చిన ఉప్పు కాదు. పాత తూటాల పేలుడు మందులో పొటాషియం క్లోరేట్ ఉండేది, మన రీలు తుపాకీ మందులో ఉన్నట్టే. పేలాక అది పొటాషియం క్లోరైడ్‌గా మిగులుతుంది. అంటే ఉప్పుకు తమ్ముడు. కాల్చిన ప్రతిసారీ గొట్టంలో చిటికెడు ఉప్పు చల్లినట్టు. అది గాలిలో తేమ 84 శాతం దగ్గర కరుగుతుంది. వానాకాలం రాత్రి ఆ మాత్రం తేమ దరియాలతిప్పకు ఒక లెక్కా? నూనెతో తుడిస్తే ఉప్పు పోదు, నూనెలో కరగదు కాబట్టి. పాతకాలపు సిపాయిలు గొట్టంలో మరిగే నీళ్లు పోసి కడిగేవారు. వేడినీళ్లకు ఉప్పు కరిగి పోతుంది, ఇనుము వేడెక్కి తడి తానే ఆరుతుంది. ఇనుప వస్తువులో నీళ్లు పోయడం పిచ్చిపని అనిపిస్తుంది గానీ, రసాయన శాస్త్రం వాళ్ల పక్షానే ఉంది. 1920ల చివర్లో క్లోరేట్ లేని మందులు వచ్చాక ఈ బాధ తగ్గింది. అప్పటికే ఎంతో ఇనుము పోయింది. మావయ్య మావగారు ఎంతో శ్రద్ధగా నూనె పూసి దాచిన రివాల్వర్ లోపలినుంచి చచ్చింది ఇందువల్లే అని నా అనుమానం. ఒర కూడా తన వంతు సాయం చేసింది. తోలు తేమను పీల్చి దాచుకుంటుంది, పదును చేసిన తోలులో ఆమ్లం ఉంటుంది. ఒరలో పెట్టి నెలలకొద్దీ బీరువాలో ఉంచడమంటే తడిబట్టలో చుట్టి పెట్టడమే.

కొత్తవి తుప్పు పట్టవా? అదీ తేలిగ్గా చెప్పలేం. తేలికగా ఉండటానికి కొత్తవాటిలో కొన్నిట్లో ఉక్కుకు బదులు అల్యూమినియం లాంటి తేలిక లోహాల మిశ్రమాలు వాడతారు. అల్యూమినియం ఇనుములా ఎర్రబడదు, అయినా ఉప్పుకు దాని మీద కూడా తెల్లటి పొక్కులు లేస్తాయి. అల్యూమినియం పక్కన ఉక్కు స్క్రూ ఉండి, మధ్యలో ఉప్పుతడి చేరితే మళ్లీ అదే బ్యాటరీ, ఈసారి కరిగేది అల్యూమినియం. నావలకు వేసే మేకుల మీద జస్తా, అంటే జింకు పూత ఉంటుంది చూడండి. జస్తా తాను కరిగి ఇనుమును కాపాడుతుంది. పాత రివాల్వర్ల మీద తళతళలాడే నికెల్ పూత దానికి ఉల్టా. ఒక్క గీత పడితే చాలు, కింద ఇనుమును మరింత త్వరగా తినేస్తుంది. మెరుపు చూసి మోసపోకూడదు.

మూడో సంగతి తూటాలది. 1930 ప్రాంతంలో పాయింట్ టూ టూలో హైవెలాసిటీ రకాలు వచ్చాయి. కొలతలు అవే, వేగమే ఎక్కువ. పాత రివాల్వర్లలో తూటా అంచు సిలిండర్ వెనక బయటికి కనిపిస్తూ ఉంటుంది. వేగం తూటాల ఒత్తిడికి ఆ పల్చటి అంచు ఎప్పుడైనా చిట్లితే వేడి గాలి, ఇత్తడి ముక్కలు వెనక్కి, కాల్చేవాడి మొహం మీదికి వస్తాయి. అందుకని 1930ల నుంచి మంచి కంపెనీలు అంచు పూర్తిగా లోపలికి దిగేలా సిలిండర్ వెనక చిన్న గుంట తవ్వడం మొదలెట్టాయి. మావయ్య దాంట్లో ఆ గుంట లేదు. ఈనాడు దుకాణంలో దొరికే తూటా ఆ రివాల్వర్ పుట్టినప్పటి తూటా కాదు. అయినా అందులో చక్కగా దూరిపోతుంది. అక్కడే ఉంది ప్రమాదం.

ఇంకో గుర్తు చూపించాను. సిలిండర్ గదుల వెనక అంచుల్లో ఒక్కోచోట సన్నని సొట్ట ఉంది. ఖాళీ రివాల్వర్ ట్రిగ్గర్‌ను సినిమాలో హీరోలా టకటక లాగితే సుత్తి మొన తూటా అంచుకు బదులు గది అంచునే కొడుతుంది. అంచు తూటాల ఆయుధాల్లో చాలావాటికి ఈ ఆట పనికిరాదు. సొట్ట పడ్డాక తూటా సరిగా కూర్చోదు. కూర్చున్నా దెబ్బ మెత్తగా పడి, పేలకుండా పోతుంది. ఎవరు లాగి ఉంటారని అడిగాను. మావయ్య కిటికీలోంచి బయటికి చూశారు.

పేలకపోవడం అంచు తూటాలకు పుట్టుకతో వచ్చిన జబ్బు కూడా. తిప్పినప్పుడు మందు అంచు అంతటా సమానంగా పరుచుకోకపోతే, సుత్తి పడిన చోట మందే ఉండకపోవచ్చు. రివాల్వర్‌కు ఇందులో ఒక సౌకర్యం ఉంది, ట్రిగ్గర్ మళ్లీ లాగితే ఇంకో తూటా ఎదురుగా వస్తుంది. కాల్పుల మైదానంలో మాత్రం అలా చెయ్యకూడదు. తూటా ఆలస్యంగా పేలే అవకాశముంది కాబట్టి గొట్టం గురివైపే ఉంచి అరనిమిషం ఆగమంటారు.

ఇప్పుడు కరపత్రం సంగతి. మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలు 2014లో ‘నిర్భీక్’ అనే పాయింట్ త్రీ టూ రివాల్వర్‌ను తెచ్చాయి. కాన్పూర్‌లో తయారీ, బరువు అరకిలో, అప్పటి ధర 1,22,360 రూపాయలు. ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత ఆడవాళ్ల కోసమని ప్రచారం చేశారు. ఆ ధర పెట్టి కొనగల ఆడవాళ్లు ఎంతమంది అని అప్పట్లో చాలామంది నిలదీశారు, న్యాయంగానే. తర్వాత ఇషాపూర్ నుంచి పాయింట్ టూ టూ ‘నిడర్’ వచ్చింది, సుమారు 250 గ్రాములు, వచ్చినప్పటి ధర 35,000 రూపాయల ప్రాంతం. 2021 అక్టోబరులో ఆ ఫ్యాక్టరీల బోర్డును రద్దు చేసి ఏడు కంపెనీలుగా విడగొట్టాక ఇషాపూర్, కాన్పూర్ రెండూ ఒకే కంపెనీ కిందికి వచ్చాయి.

పావుకిలో అనగానే మావయ్య కళ్లు మెరిశాయి. నాకు మాత్రం లెక్క గుర్తొచ్చింది. గుండు ముందుకు పోయిన ఊపు ఎంతో, రివాల్వర్ వెనక్కి వచ్చే ఊపు అంతే. ఆ ఊపు మారదు కాబట్టి, బరువు సగమైతే వెనక్కి వచ్చే వేగం రెట్టింపవుతుంది. వెనక్కి తన్నే శక్తి కూడా రెట్టింపే. అరకిలో రివాల్వర్ అర జౌలుతో తంతే, పావుకిలోది సుమారు ఒక జౌలుతో తంతుంది. చిన్న తూటా కాబట్టి చెయ్యి విరగదు. అసలు ఇబ్బంది తన్నడానికి ముందే ఉంది. అంచు ఇత్తడిని నలపాలంటే గట్టి దెబ్బ కావాలి, గట్టి దెబ్బకు గట్టి స్ప్రింగు కావాలి. ఇలాంటి రివాల్వర్లలో ట్రిగ్గర్ లాగడానికి నాలుగైదు కిలోల బలం పడుతుంది. పావుకిలో వస్తువు మీద నాలుగైదు కిలోల బలం పెడితే అది కదలకుండా ఎలా ఉంటుంది? గొట్టం ఒక్క డిగ్రీ పక్కకు తిరిగితే ఏడు మీటర్ల దూరంలో గుండు పన్నెండు సెంటీమీటర్లు పక్కకు పోతుంది. చీకట్లో, భయంలో, ఒక డిగ్రీతో ఆగుతుందా?

అమెరికాలో ఇది తిరగబడి ఉండటం ఒక తమాషా. అక్కడ 1958 నాటి బేర్‌క్యాట్ తేలికది, చట్రం అల్యూమినియం మిశ్రమంతో చేసి సుమారు 480 గ్రాములు. 1993 తర్వాతది ఉక్కుది, 680 గ్రాముల దాకా. ఇక్కడ పాతదే ఉక్కు, కొత్తది తేలిక. అక్కడివాళ్ల సలహా మనం ఎత్తి తెచ్చుకుంటే తప్పుదారే.

“మరి ఏది?” అన్నారు మావయ్య, కాఫీ రెండోసారి వచ్చాక.

పాతది కాల్చడానికి పనికిరాదని చెప్పాను. గొట్టంలో గుంటలు, గది అంచుల్లో సొట్టలు, సుత్తి తూటా మీదే కూర్చోవడం, వెనక గుంట లేకపోవడం. నాలుగిట్లో ఏ ఒక్కటున్నా నేను ముట్టుకోను. దాన్ని గుర్తుగా దాచుకోవాలనుకుంటే చట్టంలో దారి ఉంది. పాతబడి, కాల్చడానికి పనికిరాని ఆయుధాలకు అధికారుల ఆమోదంతో మినహాయింపు ఇస్తారు. ఊళ్లో మిస్త్రీ చేత గొట్టం మూయించేసి దాచుకుంటే కుదరదు. కొత్తది కొనాలనుకుంటే, కొనేముందు 2016 నిబంధనల ప్రకారం శిక్షణ కోర్సు ఉంది. అది కాగితం కోసం కాకుండా నేర్చుకోవడం కోసం చెయ్యమన్నాను. ట్రిగ్గర్ లాగి చూసి, చెయ్యి వణికితే కొనొద్దన్నాను. ఇంట్లో ఒరలో పెట్టొద్దు, పొడిబట్టలో చుట్టి, తేమ పీల్చే సిలికా సంచులు వేసిన ఇనప్పెట్టెలో తాళం వేసి పెట్టాలి, తూటాలు ఇంకోచోట. లైసెన్సులో ఏ మేరకు చెల్లుతుందో రాసి ఉంటుంది, అది చదవాలి. ఎందుకంటే యానాం పొలిమేర దాటి నాలుగడుగులు వేస్తే ఆంధ్రప్రదేశ్. ఎన్నికలు వస్తే అడగ్గానే స్టేషన్లో దాఖలు చెయ్యాలి.

“ఇంతకీ దీనితో దొంగ పారిపోతాడంటావా?” అన్నారు.

“కుక్కని పెంచండి మావయ్యా,” అంది వంటింట్లోంచి మా చెల్లి.

నా తీర్పు చెప్పేస్తాను. ఈ రెంటిలో ఒకటే అంటే కొత్తదే. అదీ సుత్తి మొనకూ తూటాకూ మధ్య అడ్డు ఉందని కళ్లారా చూశాకే. పాతది బాగుందని ఎవరైనా అంటే, వెలుగు పెట్టి గొట్టంలోకి చూపించమనండి. మీ ఇంట్లో తాతల నాటి బీరువాలోనో భోషాణంలోనో ఇలాంటిది బయటపడి, దానికి లైసెన్సు మీ పేరున లేకపోతే, దాన్ని ఒరలోంచి తీసి ఆడుకోకండి, నూనె పూయకండి, ట్రిగ్గర్ లాగకండి. లోపల తూటా ఉందనే అనుకోండి. దగ్గర్లోని పోలీసు స్టేషన్‌కు చెప్పి, వాళ్లకో లైసెన్సున్న ఆయుధాల దుకాణదారుకో దాఖలు చేసి రసీదు తీసుకోండి.